బిగ్‌ఫుట్ సమావేశానికి పిల్లాణ్ణి తీసుకెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇది: ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటారు, పదకొండేళ్ల బాబుకు బిగ్‌ఫుట్ (అమెరికా అడవుల్లో తిరుగుతుందని కొందరు నమ్మే, ఒళ్లంతా బొచ్చున్న పెద్ద మనిషి లాంటి ప్రాణి) అంటే ప్రాణం. వాడి పోరు పడలేక వసంతంలో సాల్ట్ ఫోర్క్ స్టేట్ పార్క్ లాడ్జిలో జరిగే సమావేశానికి మూడు టికెట్లు కొన్నారు. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. మీకూ మీవారికీ నమ్మకం లేదు. అక్కడివాళ్లు మిమ్మల్ని ఎలా చూస్తారో, పిల్లాడు రాత్రి అడవిలో జడుసుకుంటాడేమో, అబద్ధాలన్నీ నిజాలనుకుని నేర్చుకుని వస్తాడేమో అని భయం.

తప్పకుండా వెళ్లండి. నేను పన్నెండేళ్లుగా ఇలాంటి సమావేశాలకు వెళ్తున్నాను. ఎక్కువగా ఒహాయోలోనే, రెండుసార్లు కాలిఫోర్నియా, వాషింగ్టన్ వైపు కూడా వెళ్లాను. బిగ్‌ఫుట్ ఉందని నన్ను ఒప్పించే రుజువు ఇప్పటిదాకా చూడలేదు. ఉందని గట్టిగా నమ్మేవాళ్లలో నాకు మంచి స్నేహితులున్నారు. నేను నమ్మనని వాళ్లకు తెలుసు, అయినా ప్రతి ఏడూ పక్కన కుర్చీ ఆపి పెడతారు. కాబట్టి మీ మొదటి భయం వదిలేయండి. నమ్మకం లేనివాళ్లను ఎవరూ బయటికి పంపరు. వెక్కిరించేవాళ్లతో మాత్రం మాట్లాడరు, అది ఎక్కడైనా అంతే.

నేను ఇందులోకి ఎలా వచ్చానో ముందు చెప్పాలి, ఎందుకంటే మీ మూడో భయానికి జవాబు అందులోనే ఉంది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. జీడితోటలు, కొబ్బరి, పనస. ఆ తోటల్లోకి ఎలుగుబంట్లు రావడం అక్కడ కొత్త కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు, పనసపళ్ల కాలంలో, మునిమాపు వేళ తోట గట్టు మీద ఒక నల్లటి మనిషిని చూశాను. నిలబడి ఉన్నాడు. చేతులు కిందికి వేలాడుతున్నాయి. ఇంటికి పరిగెత్తి దెయ్యాన్ని చూశానన్నాను. మర్నాడు పొద్దున్నే మా మావయ్య నన్ను అక్కడికే తీసుకెళ్లాడు. "ఎక్కడ నిలబడి చూశావురా? అక్కడే నిలబడు" అని చెప్పి, తను వెళ్లి గట్టు మీద నిలబడ్డాడు. "నాకంటే పొడుగా, పొట్టా?" అని కేకేసి అడిగాడు. రాత్రంతా నా మనసులో తాటిచెట్టంత పెరిగిన దెయ్యం, ఆయన భుజం దాకా కూడా రాదని అప్పుడు తెలిసింది. తర్వాత ఇద్దరం తడిమట్టిలో వెతికాం. మనిషి పాదం లాంటి అచ్చు కనిపించింది. మడమ ఉంది, ఐదు వేళ్లున్నాయి. కానీ విడిగా బొటనవేలు లేదు, ఐదూ దాదాపు ఒకే వరసలో ఉన్నాయి. వాటి ముందు పొడుగాటి గోళ్ల గాట్లు. పక్కనే చీల్చి పడేసిన పనసపండు.

నేను చూడటం నిజం. అనుకున్నది తప్పు. మావయ్య నన్ను అబద్ధాలకోరు అనలేదు, అలాగని దెయ్యం ఉందనీ అనలేదు. బిగ్‌ఫుట్ సమావేశంలో మంచి పరిశోధకులు సాక్షులతో చేసే పని సరిగ్గా ఇదే. మొదటిసారి అది చూసినప్పుడు నాకు మా జీడితోట గుర్తొచ్చింది. అందుకే మళ్లీ మళ్లీ వెళ్తున్నాను.

ఇక అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను. పగలు పెద్ద హాల్లో ప్రసంగాలు, పక్క గదుల్లో బల్లల మీద అమ్మకాలు. టీషర్టులు, పుస్తకాలు, మగ్గులు, ప్లాస్టర్ పాదాలు. మీ అబ్బాయి ముందు అక్కడికే పరిగెడతాడు. వాడికి ముందే ఇంత అని డబ్బు చేతికిచ్చి, అది అయిపోతే ఇక లేదని చెప్పండి. ప్రసంగాల్లో నాణ్యత ఒకలా ఉండదు. కొందరు పటాలు, కొలతలు, రికార్డింగులు చూపిస్తారు. కొందరు గంటసేపు తమ గురించే చెప్పుకుంటారు. వచ్చేవాళ్లలోనూ రెండు వర్గాలున్నాయని త్వరగానే గమనిస్తారు. ఇది ఇంకా పట్టుబడని ఒక కోతిజాతి, రక్తమాంసాలున్న జంతువు అనేవాళ్లు ఒకవైపు. అది మాయమవుతుంది, మనసుతో మాట్లాడుతుంది, వెలుగు గోళాలతో పాటు వస్తుంది అనేవాళ్లు రెండోవైపు. మొదటివాళ్లు రెండోవాళ్ల మాటల్ని ‘వూ’, అంటే మాయమాటలు, అని కొట్టిపారేస్తారు. ఈ గొడవలో మీరు తలదూర్చకండి. పదకొండేళ్ల పిల్లాడికైతే నేను మొదటి వర్గం ప్రసంగాలే ఎంచుకుంటాను, ఎందుకంటే అక్కడ వాడు ‘అది తప్పని ఎలా తెలుసుకోవాలి’ అని అడగగలడు. రెండోచోట ఆ ప్రశ్నకు తావుండదు.

ప్రసంగాలన్నీ వినకపోయినా పరవాలేదు, సాక్షులు లేచి మాట్లాడే సెషన్ ఉంటే మాత్రం వదులుకోకండి. ఒక ఏడాది వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. అరవై దాటి ఉంటాయి, నర్సుగా పనిచేసి రిటైరయింది. నైట్ డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున ఇంటికి కారు నడుపుకుంటూ వస్తుంటే రోడ్డు దాటిన ఒక ఆకారం గురించి చెప్పింది. ముప్ఫై ఏళ్లుగా భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదట, డ్యూటీలో నిద్రపోతోందని అనుకుంటారేమోనని. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతిలోని కాగితం వణుకుతూనే ఉంది. రెండు వందల మందికి పైగా ఉన్న హాల్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఫోన్ తీయలేదు. తర్వాత ఒక పరిశోధకుడు వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. "అది ఎంత ఎత్తుంది" అని అడగలేదు. "పక్కన ఏముంది? కంచె స్తంభమా? దాని పైభాగం ఆ ఆకారానికి ఎక్కడికొచ్చింది?" అన్నాడు. "ఎన్ని అంగల్లో రోడ్డు దాటింది? మీ లైట్లు హై బీమ్‌లో ఉన్నాయా? అద్దం మీద మంచుందా?" అన్నాడు. ఆవిడ కొన్నిటికి తెలుసంది, కొన్నిటికి గుర్తులేదంది. గుర్తులేదన్న ప్రతిసారీ ఆయన అదే రాసుకున్నాడు. తను ఏదీ అందించలేదు. నాకు మళ్లీ మావయ్య కనిపించాడు.

మీ అబ్బాయి చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. పేజీ మధ్యలో గీత గీయమనండి. ఎడమవైపు సాక్షి చూసింది, విన్నది. కుడివైపు సాక్షి అనుకున్నది. ‘నల్లగా, రెండు కాళ్ల మీద, మూడు అంగల్లో దాటింది’ అనేది ఎడమవైపుకి వెళ్తుంది. ‘నన్ను గమనిస్తూ ఉంది’, ‘కోపంగా ఉంది’, ‘బిగ్‌ఫుట్’ ఇవన్నీ కుడివైపుకి. పిల్లలు దీన్ని పెద్దవాళ్ల కంటే వేగంగా పట్టుకుంటారు. మా స్నేహితుడి కూతురు ఒకసారి గంట ప్రసంగం తర్వాత పుస్తకం చూపించింది. కుడివైపు పేజీ నిండిపోయింది, ఎడమవైపు రెండే మాటలు. ఇలా రాసుకునే పిల్లాడు అబద్ధాలు నేర్చుకుని వస్తాడన్న భయం నాకు లేదు.

అక్కడ ‘క్లాస్ ఎ’, ‘క్లాస్ బి’ అనే మాటలు తరచుగా వినబడతాయి. 1995లో మొదలైన బీఎఫ్ఆర్ఓ (బిగ్‌ఫుట్ ఫీల్డ్ రీసెర్చర్స్ ఆర్గనైజేషన్) అనే సంస్థ తమకు వచ్చే రిపోర్టులకు ఇచ్చే గ్రేడ్లు ఇవి. దగ్గరగా, స్పష్టంగా చూశామని చెప్పినవి ఎ. దూరం నుంచి, మసక వెలుతురులో చూసినవీ, శబ్దం మాత్రమే విన్నవీ బి. ఇక్కడ చాలామంది పొరబడతారు. క్లాస్ ఎ అంటే బిగ్‌ఫుట్ అని తేల్చారని కాదు. వేరే జంతువును చూసి పొరబడే అవకాశం తక్కువని వాళ్ల అంచనా, అంతవరకే. మీ వాడికి ముందే చెప్పి ఉంచండి.

ప్లాస్టర్ పోతల బల్ల దగ్గర, అంటే పాదాల అచ్చుల్లో ప్లాస్టర్ పోసి తీసిన నమూనాల దగ్గర, చాలాసేపు ఉండండి. ‘బిగ్‌ఫుట్’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చిందే ఒక పోత వల్ల. 1958లో ఉత్తర కాలిఫోర్నియా బ్లఫ్ క్రీక్ దగ్గర రోడ్డు వేస్తున్నచోట బుల్‌డోజర్ డ్రైవర్ జెర్రీ క్రూ తన యంత్రం చుట్టూ పదహారు అంగుళాల అచ్చులు చూసి, ఒకదానికి ప్లాస్టర్ పోసి పత్రికవాళ్ల దగ్గరికి పట్టుకెళ్లాడు. హంబోల్ట్ టైమ్స్ ఆ అక్టోబర్‌లో ఫొటోతో వేసింది, పేరు దేశమంతా పాకింది. 2002లో ఆ రోడ్డు కాంట్రాక్టర్ రే వాలెస్ చనిపోయాక ఆయన కుటుంబం చెక్కతో చేసిన పాదాలు బయటపెట్టి, అదంతా ఆయన చేసిన తమాషా అని చెప్పింది. ఈ సంగతి సమావేశంలో దాచరు, దాని మీద ఇప్పటికీ వాదించుకుంటారు. చెక్కపాదాల ఆకారం అచ్చులన్నిటికీ సరిపోదనేవాళ్లున్నారు. నా మటుకు నాకు, కనీసం కొన్ని ఆ చెక్కతో వేసినవేనని నమ్మకం.

పోతల్లో పాదం మధ్యలో ఒక మడత గట్టు కనిపిస్తే, దాన్ని మధ్యపాదం వంగడం అంటారు. ఐడహో స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన జెఫ్ మెల్డ్రమ్ ఈ వాదాన్ని ముందుకు తెచ్చారు. మన పాదం మధ్యలో బిగువుగా ఉంటుంది, చింపాంజీ పాదం అక్కడ వంగుతుంది, కాబట్టి ఇవి మనిషి అచ్చులు కావని ఆయన వాదన. వినదగ్గ వాదనే. కొన్ని పోతల్లో వేలిముద్రల్లాంటి సన్నటి గీతలు చూపించి అది చర్మం అంటారు. కానీ పొడిమట్టిలో ప్లాస్టర్ పోస్తే, మట్టి నీటిని పీల్చుకునేటప్పుడు అలాంటి గీతలే ఏర్పడతాయని ప్రయోగం చేసి చూపించినవాళ్లున్నారు. ఎలుగుబంటి మాట కూడా మర్చిపోవద్దు. నల్ల ఎలుగు నడిచేటప్పుడు వెనక పాదం ముందు పాదం అచ్చు మీద కొద్దిగా జరిగి పడితే, రెండూ కలిసి ఒకే పొడుగాటి పాదంలా కనిపిస్తాయి. దాని పాదంలో అన్నిటికంటే పెద్ద వేలు బయటివైపు ఉంటుంది, మనకు లోపలివైపు. బల్ల మీదున్న ప్రతి పోతకూ వాడు ఈ పరీక్ష చేయొచ్చు: ఇది ఎడమ పాదమా, కుడి పాదమా, నువ్వెలా చెప్పగలవు అని అడగండి.

1967 అక్టోబర్ 20న అదే బ్లఫ్ క్రీక్‌లో రోజర్ ప్యాటర్సన్, బాబ్ గిమ్లిన్ బిగ్‌ఫుట్ అంటూ తీసిన ఫిల్మ్ ఏదో ఒక ప్రసంగంలో తప్పకుండా వేస్తారు. నిమిషం లోపే ఉంటుంది. నడుస్తూ వెనక్కి తిరిగి చూసే ఆ ఆకారం మీ వాడికి ఇప్పటికే కంఠతా వచ్చి ఉంటుంది. వాడికి తెలియని విషయం ఒకటి చెప్పండి. ఆ కెమెరాలో వేగం మార్చుకునే వీలుంది, ఆ రోజు ఏ వేగంలో ఉందో ప్యాటర్సన్ ఖచ్చితంగా చెప్పలేకపోయాడు. సెకనుకు 24 ఫ్రేములైతే ఆ నడక మామూలు మనిషి నడకకు దగ్గరగా వస్తుంది. 16 లేదా 18 అయితే నడక నెమ్మదిస్తుంది, బరువైన వేరే ప్రాణి నడకలా అనిపిస్తుంది. ఆ ఒక్క అంకె తెలియకపోవడం వల్ల యాభై ఏళ్లకు పైగా జనం కొట్టుకుంటున్నారు. ప్యాటర్సన్ 1972లోనే పోయాడు. గిమ్లిన్ ఎగతాళి భరించలేక చాలా ఏళ్లు ఈ లోకానికి దూరంగా ఉండి, 2003లో విల్లో క్రీక్‌లో జరిగిన సమావేశానికి వచ్చాడు. ఆ తర్వాత ఎక్కడికొచ్చినా ఆయనతో చెయ్యి కలపడానికి జనం వరుసలు కట్టారు. ఆ ఫిల్మ్ మీద మన అభిప్రాయం ఏదైనా, ఆ మనిషి అన్నేళ్లు మోసిన బరువును ఆ వరుసల్లో నిలబడ్డవాళ్లు గుర్తించారు. నాకది నచ్చింది.

"మరి నిజంగా ఉందా అమ్మా?" అని కారులో అడుగుతాడు. తప్పించుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. శవం దొరకలేదు, ఎముక దొరకలేదు, పన్ను దొరకలేదు. పరీక్షకు వెళ్లిన వెంట్రుకలు ఏదో ఒక తెలిసిన జంతువువి అయ్యాయి. 1970ల్లో పీటర్ బైర్న్ అనే అన్వేషకుడు పంపిన వెంట్రుకల్ని ఎఫ్‌బీఐ పరీక్షించి జింక జాతివని తేల్చింది, ఆ ఫైలును 2019లో బయటపెట్టారు. 2014లో ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ బృందం ప్రపంచం నలుమూలల నుంచి తెప్పించుకున్న వాటిలో 30 నమూనాల డీఎన్ఏ చదివింది. ఎలుగు, గుర్రం, ఆవు, కుక్కజాతి ఇలాంటివే వచ్చాయి. అమెరికాలో నల్ల ఎలుగులు ఎక్కువున్న చోట బిగ్‌ఫుట్ రిపోర్టులూ ఎక్కువని 2024లో జర్నల్ ఆఫ్ జువాలజీలో వచ్చిన ఒక పరిశీలన చూపించింది. అదే పరిశీలన, ఎలుగులు స్థిరంగా లేని రాష్ట్రాల నుంచి కూడా రిపోర్టులు వస్తున్నాయని ఒప్పుకుంది. ఎలుగు అన్నిటికీ జవాబు కాదు, చాలావాటికి జవాబు. మీ ఒహాయో సంగతే చూడండి. ఇక్కడ ఎలుగులు బాగా తక్కువ. కానీ మే, జూన్ నెలల్లో తల్లిని విడిచిన కుర్ర మగ ఎలుగులు పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా వైపు నుంచి కొత్త చోటు వెతుక్కుంటూ వస్తాయి. ఎప్పుడూ ఎలుగును చూడని ఊళ్లో ఒకటి లేచి నిలబడితే చూసినవాళ్లకు ఏమనిపిస్తుంది?

ఇంకో మాట. మనల్ని చూడగానే అక్కడ కనీసం ముగ్గురైనా హిమాలయాల మంచుమనిషి యతి గురించి అడుగుతారు. ఇండియా నుంచి వచ్చాం కదా, హిమాలయాలు మన పెరట్లో ఉన్నట్టే వాళ్లకు. ఆంధ్ర నుంచి హిమాలయం ఎంత దూరమో చెప్పాక, నేను రెండు సంగతులు చెప్తుంటాను. మేఘాలయ గారో కొండల్లో ‘మాండే బరుంగ్’ అనే అడవిమనిషి ఉన్నాడని అక్కడివాళ్లు చెప్తారు. అక్కడ దొరికిన వెంట్రుకల్ని 2008లో పరీక్షిస్తే గోరల్ అనే కొండమేక లాంటి జంతువువని తేలింది. 2019లో మన సైన్యం నేపాల్‌లోని మకాలు పర్వతం బేస్ క్యాంప్ దగ్గర 32 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు అచ్చులు మంచులో చూశామని ట్వీట్ చేసింది. మంచులో అచ్చు ఎండకు కరిగి పెద్దదవుతుంది. ఇది చెప్పగానే వాళ్లు ఆసక్తిగా ఇంకా అడుగుతారు, మీకు పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

బిగ్‌ఫుట్‌కే ఇంకో పేరైన సాస్క్వాచ్ అన్న మాట వాడేటప్పుడు కాస్త మర్యాద పాటించమని మీ వాడికి చెప్పండి. అది కెనడా బ్రిటిష్ కొలంబియాలోని స్ట్సేలిస్ ప్రజల ‘సాస్‌కెట్స్’ నుంచి వచ్చింది. 1920ల్లో జె.డబ్ల్యూ. బర్న్స్ అనే స్కూలు టీచర్ వాళ్ల కథలు పత్రికల్లో రాస్తూ ఆ మాటను ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. వాళ్ల దృష్టిలో అది వేటాడాల్సిన జంతువు కాదు, ఆ నేలను కాచే ప్రాణి. మనకు గ్రామదేవత మీద పరాయివాడు ప్రయోగాలు చేస్తానంటే ఎలా ఉంటుందో అనుకుంటే అర్థమవుతుంది. మూలవాసులెవరైనా మాట్లాడితే ఆ పుస్తకంలో ఎడమ, కుడి గీత గీయడం ఆపి, ఊరికే వినమనండి.

రాత్రి నడక విషయం. పిల్లాడు భయపడతాడా? చీకట్లో మొదటి పది నిమిషాలు భయపడతాడు. భయపడనివ్వండి, చెయ్యి పట్టుకోండి. నేను పక్షుల గొంతులు రికార్డు చేస్తుంటాను, కాబట్టి ఇది నాకు ఇష్టమైన భాగం. వెళ్లే ముందు వారం రోజులు ఇంట్లో నాలుగు శబ్దాలు వినిపించండి: బార్డ్ గుడ్లగూబ, స్క్రీచ్ గుడ్లగూబ, కొయోటీ (చిన్న తోడేలు లాంటి జంతువు), ఎర్రనక్క. బార్డ్ గుడ్లగూబలు జంటగా కూస్తే చెట్టు మీద కోతుల గుంపు పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది, మన ఊళ్లో కోతుల్ని విన్న మీకు ఇంకా అలా అనిపిస్తుంది. ఎర్రనక్క అరుపు ఆడమనిషి కేక లాంటిది, మొదటిసారి విన్నప్పుడు నేను పోలీసులకు ఫోన్ చేయబోయాను. కొయోటీలు రెండే ఉన్నా కొండల మధ్య పది ఉన్నట్టు వినిపిస్తాయి. ఇవి వాడికి తెలిసుంటే, అడవిలో ఏదైనా అరిచినప్పుడు భయం కాస్తా గుర్తుపట్టే ఆటగా మారిపోతుంది.

నడకలో ఎవరో ఒకరు కర్రతో చెట్టును కొడతారు. బిగ్‌ఫుట్‌లు అలా చప్పుడు చేసుకుని పలకరించుకుంటాయని నమ్మకం. దూరం నుంచి తిరిగి టక్కుమని వినిపిస్తే గుంపంతా ఊపిరి బిగబడుతుంది. సమావేశం జరిగే వారాంతంలో ఆ అడవిలో మీ గుంపు ఒక్కటే ఉండదన్నది గుర్తుంచుకోండి. ఒకసారి మాకు జవాబొచ్చింది. మేం మళ్లీ కొట్టాం, మళ్లీ వచ్చింది. ఇరవై నిమిషాలు ఇలా సాగింది. మర్నాడు టిఫిన్ దగ్గర ఇంకో గుంపువాళ్లు, రాత్రి తమకు అద్భుతమైన జవాబులొచ్చాయని చెప్తుంటే టైమ్ అడిగాను. పదీ నలభై. మా రికార్డర్‌లో ఉన్నదీ అదే టైమ్. రెండు గుంపులూ కలిసి రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టి విన్నాం, ఒక్కో దెబ్బా సరిపోయింది. ఎవరూ దాచలేదు, ఆ మధ్యాహ్నమే వేదిక మీద చెప్పారు. ఈ మనుషుల మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

మోసగాళ్లు లేరని కాదు. 2008లో జార్జియా రాష్ట్రానికి చెందిన ఇద్దరు ఫ్రీజర్‌లో బిగ్‌ఫుట్ శవం ఉందని ప్రెస్‌మీట్ పెట్టారు, మంచు కరిగాక అది రబ్బరు సూటు. ఒక సమావేశంలో ఒకాయన స్పష్టమైన వీడియో ఉందంటూ చీకటిగదిలో డబ్బు తీసుకుని చూపించాడు. నేనూ ఇచ్చాను. తెర మీద ఆకులు కదలడం తప్ప ఏమీ లేదు. ఎవరైనా వేరే డబ్బు కట్టమన్నా, ప్రశ్నలు అడగొద్దన్నా, లేచి వచ్చేయండి.

ఇక జాగ్రత్తలు. మీ వాడు బొచ్చు సూటు వేసుకుని వస్తానంటే హాల్లో వేసుకోనివ్వండి, బయట వద్దే వద్దు. 2012లో మోంటానాలో ఒకతను జనాన్ని బిగ్‌ఫుట్ అని నమ్మించడానికి ఆకుల సూటు వేసుకుని రాత్రి హైవే మీద నిలబడి, కార్ల కింద పడి చనిపోయాడు. దానికి తోడు ఒహాయోలో ఏప్రిల్ చివర, మే నెలల్లో టర్కీ కోళ్ల వేట సీజన్ నడుస్తుంటుంది. వేటగాళ్లు ఆకుల రంగు బట్టల్లో కదలకుండా కూర్చుని ఉంటారు, మీకు కనబడరు. పొద్దున అడవి దారి పట్టేటప్పుడు ముగ్గురూ మెరిసే నారింజ రంగు చొక్కాలు వేసుకోండి. ఎరుపు, తెలుపు, నీలం వద్దు, మగ టర్కీ తల రంగులు అవే.

పిడుదుల సంగతి అంతకంటే ముఖ్యం. మే నెల ఒహాయో గడ్డిలో అవి బాగా ఉంటాయి, కొన్ని లైమ్ జబ్బు తెస్తాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి, పురుగుల్ని తరిమే మందు చల్లుకోండి, గదికి రాగానే మోకాలి వెనక, చంకల్లో, జుట్టులో, చెవుల వెనక వెతకండి. ఇన్నేళ్లలో నాకు అడవిలో జరిగిన అసలు హాని పిడుదు వల్లే, మూడు వారాలు మందులు మింగాను.

కొలంబస్ నుంచి ఐ-70 మీద తూర్పుగా గంటన్నర ప్రయాణం. ఆ పార్కు 17 వేల ఎకరాలకు పైనే, లోపల సిగ్నల్ చాలాచోట్ల అందదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. లాడ్జి గదులు త్వరగా అయిపోతాయి, దొరక్కపోతే కేంబ్రిడ్జ్ ఊళ్లో హోటళ్లున్నాయి. మీరు శాకాహారులన్నారు, నేనైతే డబ్బా నిండా పులిహోర కలుపుకుని వెళ్తాను. మా బల్ల దగ్గర ఇప్పుడు దానికి అభిమానులున్నారు. ఇద్దరు సాక్షులు నాకు మొదటిసారి నోరు విప్పింది పులిహోర తింటూనే.

ఫొటోల విషయంలో అడగకుండా ఎవరినీ తీయకండి, ముఖ్యంగా సాక్షుల్ని. చాలామందికి ఆఫీసులో తెలియకూడదన్న భయం ఉంటుంది.

ఆదివారం పొద్దున వెంటనే ఇంటికి బయల్దేరకండి. పార్కులో హోసాక్ గుహ దాకా చిన్న దారి ఉంది, వాన పడితే జలపాతం కూడా ఉంటుంది. దారి పక్క బురదలో జింక, రకూన్ అచ్చులు ఎప్పుడూ దొరుకుతాయి. రకూన్ ముందు పాదం అచ్చు చిన్నపిల్లాడి అరచేతిలా ఉంటుంది. ఒక స్కేలు, ఒక కేజీ ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, పాత గిన్నె పట్టుకెళ్లండి. ముందు స్కేలు పక్కన పెట్టి సరిగ్గా పైనుంచి ఫొటో తీయమనండి. రెండు వంతుల ప్లాస్టర్‌కు ఒక వంతు నీళ్లు, అట్లపిండిలా జారుగా కలపాలి. అచ్చు మీద నేరుగా పోయొద్దు, పక్కన పోసి లోపలికి పారనివ్వాలి. ముప్పావుగంట ఆగి, చుట్టూ మట్టితో సహా తీయండి, ముక్కలేవీ అక్కడ వదలొద్దు. కారులో పాత టవల్ పరిచి దాని మీద పెట్టండి. పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, అప్పటిదాకా వాడు ఎంత గొడవ చేసినా కడగనివ్వకండి, గీతలు పోతాయి.